కీ ఎక్కడ ఆగింది?

పాత కారు పొద్దున్నే మొరాయిస్తే మనం మొదట అనుమానించేది బ్యాటరీని. ఆ తర్వాత సెల్ఫ్ మోటారుని. రెండూ విప్పించి, ఒకదాన్ని ఛార్జింగుకీ మరోదాన్ని వైండింగుకీ పంపించి, జేబు తేలికయ్యాక గానీ కీ పెట్టే రంధ్రం వైపు చూపు పోదు. రోజూ వేళ్లతో తాకుతున్న వస్తువు కాబట్టి అది చెడిపోయి ఉంటుందని తోచదు. పైగా అది ఒకే వస్తువనుకుంటాం. నిజానికి ఆ రంధ్రం వెనక మూడు వేరు వేరు పనులు జరుగుతుంటాయి. ముందున్నది తాళం. ఈ కీ ఈ బండిదేనా కాదా అని చూడటం దాని పని. దాని తోకకు తగిలించి ఉన్నది కరెంటు స్విచ్. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటును ఏ తీగకు ఎప్పుడు పంపాలో అది చూసుకుంటుంది. పక్కనే ఇనుప గడియ. కీ తీసేస్తే అది స్టీరింగును కదలనివ్వదు.

మూడింటిలో ఏది చెడినా బయటికి కనిపించేది ఒక్కటే, బండి స్టార్ట్ కాలేదు. వేళ్లకు మాత్రం తేడా తెలుస్తుంది. కీ లోపలికే పోలేదా, పోయి తిరగలేదా, తిరిగినా లైట్లు వెలగలేదా, వెలిగినా సెల్ఫ్ తిరగలేదా, ఇంజన్ అందుకుని వేలు తీయగానే చచ్చిపోయిందా? కీ ప్రయాణం ఎక్కడ ఆగిందో చెప్పగలిగితే జబ్బు సగం పట్టుబడినట్టే. ఈ చిన్న విషయం అడగకపోవడం వల్లే పాత బండ్లకు అక్కర్లేని లాక్ సెట్లు పడుతున్నాయని నా నమ్మకం.

ఆ మూడు పనులు ఒకే రంధ్రం వెనక ఎలా చేరాయో తెలియాలంటే కాస్త వెనక్కు వెళ్లాలి. చెన్నైకి కారుతో సావాసం చాలా పాతది. ఈ ఊళ్లో కారు కొన్న తొలి భారతీయుడు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఇంటిపేరులోనే తెలుగుదనం ఉంది. హైకోర్టు, విక్టోరియా మెమోరియల్ హాలు లాంటి ఎర్ర ఇటుక భవనాలు కట్టిన కాంట్రాక్టరు ఆయన. ఆయన బండి ఫ్రెంచి డి డియాన్ బూటాన్, నంబరు ఎంసీ 3. ఆ కాలపు బండిని స్టార్ట్ చేయాలంటే కిందికి దిగి, చేత్తో హ్యాండిల్ తిప్పాలి. ఇంజన్ ఎదురు తన్నిందంటే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన కరెంటు స్టార్టరు 1912 క్యాడిలాక్‌లో వచ్చాక ఆ గండం తప్పింది. అప్పటికీ కీ పని వేరు, స్టార్టరు మీట పని వేరు. కీ తిప్పితే కరెంటు వస్తుంది, ఇంకో మీట నొక్కితేనో నాబ్ లాగితేనో సెల్ఫ్ తిరుగుతుంది. రెంటినీ ఒకే కీలో కలిపి 1949లో క్రైస్లర్ అమ్మకానికి పెట్టింది. కీ తీసేస్తే స్టీరింగో బండి కదలికో బిగుసుకుపోవాలన్న నిబంధన 1970 నుంచి అమెరికాలో అమల్లోకి వచ్చింది. డాష్‌బోర్డు మీది తాళం స్టీరింగు పక్కకు జరగడం వెనక ఉన్నది దొంగల భయమే. మూడు పనులు ఒకే చోట ఇరుక్కున్న కథ ఇదీ.

ఇక చెన్నై పాత బండ్ల సంగతి. 1948లో ఇక్కడ మొదలైన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ, పెరుంగళత్తూరు దగ్గరి ఫ్యాక్టరీలో 1961 నుంచి హెరాల్డ్ కార్లు తయారుచేసింది. 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు తెచ్చి, అది నడవక, 1988లో మూతపడింది. హెరాల్డ్‌ను అపురూపంగా చూసుకునేవాళ్లకు కంపెనీ కొత్త లాక్ సెట్ ఇప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే దారి. మారుతీ 800 వాళ్లది కాస్త మెరుగైన పరిస్థితి. ఆ కారు తయారీ 2014 జనవరిలో ఆగినా, విడిభాగాలు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అడిగితే దొరుకుతాయి.

ఇత్తడి రేకుల లెక్క

కీ లోపలికి పోయింది, తిరగడం లేదు. ఇక్కడ జబ్బు రెండు చోట్ల ఉండొచ్చు, తాళంలో గానీ గడియలో గానీ. ముందు తాళం లోపలికి చూద్దాం.

మన ఇంటి తలుపు తాళాల్లో గుండ్రటి పిన్నులుంటాయి. కారు తాళంలో వాటి బదులు సన్నటి ఇత్తడి రేకులు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కో రేకు మధ్యలో దీర్ఘచతురస్రపు కిటికీ, పక్కన వెంట్రుకంత సన్నటి స్ప్రింగు. కీ లేనప్పుడు స్ప్రింగు తోసిన రేకు, తిరిగే గొట్టం నుంచి బయటికి పొడుచుకువచ్చి చుట్టూ ఉన్న గూటిలో ఇరుక్కుంటుంది. ఈ గొట్టాన్నే మెకానిక్కులు బేరల్ అంటారు. కీ దూర్చగానే దాని పళ్లు ఒక్కో రేకునూ ఒక్కో ఎత్తుకు లేపుతాయి. అన్ని రేకులూ గొట్టం అంచుకు సరిగ్గా సమంగా వచ్చిన క్షణాన గొట్టం తిరుగుతుంది. ఒక్క రేకు తలెత్తినా, ఒక్కటి వెనకబడినా తిరగదు.

ఆరు రేకులు, ఒక్కోదానికి నాలుగు ఎత్తులు అనుకుంటే లెక్క ప్రకారం 4,096 రకాల కీలు సాధ్యం. అన్ని పళ్లూ ఒకే ఎత్తులో ఉన్నవీ, పక్కపక్క పళ్ల మధ్య మరీ లోతైన గండి పడేవీ తీసేస్తే వాడదగ్గవి ఇంకా తగ్గుతాయి. అంటే ఒకే మోడల్ బండ్లు లక్షల్లో అమ్మితే మీ కీ పట్టే బండి ఊళ్లో ఇంకెక్కడో ఉండక తప్పదు. పాత అంబాసిడర్ వాళ్లు చెప్పుకునే 'పక్కవాడి కీతో నా బండి తెరుచుకుంది' కథల్లో అతిశయోక్తి పెద్దగా లేదు. అరుగుదల కూడా కలిస్తే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది.

అరుగుదలే అసలు విలన్. ఒక ఎత్తుకూ ఇంకో ఎత్తుకూ తేడా సుమారు అర మిల్లీమీటరు. కీ కొండలు రోజూ ఆ రేకుల మీద రాసుకుంటాయి. ఇరవై ఏళ్లకు శిఖరాలు గుండ్రబడతాయి, లోయలు పూడినట్టు కనిపిస్తాయి. రేకుల కిటికీ అంచులు కూడా అరిగిపోతాయి. అర మిల్లీమీటరులో సగం పోయిందంటే రేకు అటూ కాదు ఇటూ కాదు. అందుకే పాత బండి కీని కొంచెం పైకెత్తి, లేదా ఒక్క వెంట్రుకవాసి బయటికి లాగి తిప్పితే పనిచేస్తుంది. ఆ కిటుకు ఇంట్లో ఒక్కరికే తెలుసు, మిగతావాళ్లకు బండి స్టార్ట్ కాదు. ఇలాంటి బండి మీ ఇంట్లో ఉంటే అనుమానం అక్కర్లేదు, అరుగుదల జబ్బే.

పరీక్ష చాలా సులువు. బీరువాలో పడి ఉన్న రెండో కీ తీసుకుని ప్రయత్నించండి. అది హాయిగా తిరిగితే తాళం బాగానే ఉంది, రోజువారీ కీ అరిగింది. రెండు కీలనూ వెలుగుకు ఎదురుగా ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే తేడా కళ్లకే కనబడుతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. అరిగిన కీ తీసుకెళ్లి రోడ్డు పక్కన డూప్లికేట్ కొట్టిస్తారు. ఆ మిషను పాత కీ అంచును పట్టుకుని నడుస్తుంది, దాని అరుగుదలను కూడా నమ్మకంగా కొత్త కీలోకి దించుతుంది. కొత్తగా మెరిసే కీ, పాత జబ్బు. నకలు తీయించాలంటే వాడని స్పేర్ కీ నుంచి తీయించాలి. అది లేకపోతే కీ కోడ్‌ను బట్టి కోయించాలి. కొన్ని బండ్లలో ఆ కోడ్ మొదట కొన్నప్పుడు ఇచ్చిన రేకుబిళ్ల మీద ఉంటుంది, కొన్నింటిలో తాళం మీదే చెక్కి ఉంటుంది. రెండూ లేకపోతే, అంతగా వాడని డిక్కీ తాళాన్ని విప్పి దాని రేకుల కొలతల్ని బట్టి కీ తయారుచేసే ఓపికమంతులు ఇంకా ఉన్నారు. అయితే డోరుకూ డిక్కీకీ ఇగ్నిషన్‌కూ ఒకే కీ ఉన్న బండ్లకే ఈ ఉపాయం పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు చేయకూడనిది బలం పెట్టడం. కీ మెడ దగ్గర సన్నం, మెత్తటి లోహం. ప్లయర్‌తో కొంచెం తిప్పుదామనుకుంటే సగం లోపల, సగం చేతిలో.

గడియ పట్టు

కీ తిరగకపోవడానికి రెండో కారణం తాళంలో లేదు, టైర్లలో ఉంది. ఇరుకు సందులో చక్రాలు బాగా తిప్పి పార్క్ చేశామనుకోండి. మెలితిరిగిన రబ్బరు మళ్లీ సాగి నిటారు కావాలని చూస్తుంది, ఆ ఒత్తిడి స్టీరింగు కడ్డీ మీద నిలిచి ఉంటుంది. కీ తీయగానే గడియ కడ్డీలోని గాడిలోకి దిగుతుంది. ఇక ఒత్తిడంతా ఆ గడియ పక్క మీద పడుతుంది.

ఎంత ఒత్తిడి? కడ్డీ మీద 5 న్యూటన్ మీటర్ల మెలి ఉందనీ, గడియ కడ్డీ మధ్య నుంచి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉందనీ అనుకుందాం. అప్పుడు గడియ మీద పడే బలం 200 న్యూటన్లు, అంటే ఇరవై కిలోల బరువు. ఘర్షణ గుణకం 0.2 వేసుకుంటే గడియను వెనక్కు లాగడానికి నాలుగు కిలోల బలం కావాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్న చిన్న కీ ఆ పని చేయలేదు. దాని బదులు ఎడమ చేత్తో స్టీరింగును కాస్త అటూ ఇటూ కదుపుతూ, ఒత్తిడి సడలిన దిక్కుకు పట్టుకుని, కుడి చేత్తో కీ మెల్లగా తిప్పితే చాలు. ఒత్తిడి సున్నా అయితే ఘర్షణా సున్నాయే. తాళం చెడిపోయిందని లారీకెక్కించి గ్యారేజీకి తెచ్చిన బండ్లలో కొన్ని ఈ ఒక్క కదుపుతో తెరుచుకున్నాయని మెకానిక్కులు నవ్వుకుంటూ చెబుతారు.

స్టీరింగు రెండు వైపులా స్వేచ్ఛగా కదులుతున్నా కీ తిరగకపోతే జబ్బు రేకుల దగ్గరే. కదలక, ఏ దిక్కుకీ సడలకపోతే గడియ దగ్గర.

ఉప్పు, నూనె, చందనం

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, ఎన్నూర్ వైపు ఇళ్లలో ఇనుప కిటికీలు ఎంత త్వరగా తుప్పుపడతాయో అక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను లాక్కుంటుంది, తడిసిన ఉప్పు కరెంటును మోస్తుంది. తాళంలో రేకులు ఇత్తడివి, గూడు ఎక్కువగా జింకు కలిసిన పోతలోహం, స్ప్రింగులు ఉక్కువి. వేరు వేరు లోహాలు ఉప్పునీటిలో తగిలితే బలహీనమైన లోహం తనను తాను అర్పించుకుంటుంది. ఇక్కడ బలహీనమైనది జింకు. పాత తాళం విప్పితే తెల్లటి పొడి రాలేది అందుకే. స్ప్రింగు తుప్పుపట్టి విరిగితే రేకు పడుకునే ఉంటుంది. అప్పుడు కీ తిరగొచ్చు కూడా, భద్రత మాత్రం పోయినట్టే.

దీనికి ఎండ తోడు. 2003 మే 31న చెన్నైలో 45 డిగ్రీలు నమోదైంది. అంత లేకున్నా మామూలు మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారు లోపల బయటికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఆ వేడికి స్విచ్ లోని గ్రీజు కరిగి, మళ్లీ చిక్కబడి, కొన్నేళ్లకు మైనంలా గట్టిపడుతుంది.

ఇక మన చేతులతో మనం చేసే హాని ఉంది. తాళం బిగుసుకుంటే ఇంట్లో మొదట గుర్తొచ్చేది కొబ్బరినూనె సీసా. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చెన్నైలో కూడా జనవరి తెల్లవారుజామున అంతకన్నా చల్లగానే ఉంటుంది. నువ్వులనూనె గడ్డకట్టదు గానీ గాలితగిలి జిగురెక్కుతుంది. ఏ నూనె అయినా రోడ్డు దుమ్మును పట్టుకుని నూరుకునే ముద్దలా తయారవుతుంది. ఆ ముద్దే రేకుల్ని అరగదీస్తుంది. పెన్సిల్ ముక్కులోని గ్రాఫైట్ పొడి రేకులకు మంచిదే, పొడిగా ఉంటుంది, దుమ్ము పట్టదు. కానీ గ్రాఫైట్ కరెంటును పంపుతుంది. వెనకే స్విచ్ ఉన్న తాళంలో గుప్పెడు గ్రాఫైట్ పోయడం తెలివి కాదు, చిటికెడు చాలు. దానికన్నా ఎలక్ట్రికల్ కాంటాక్టుల కోసం అమ్మే స్ప్రేతో ముందు కడిగి, ఆరాక పొడి లూబ్రికెంట్ వేయడం మేలు.

ఆయుధపూజ సంగతి కూడా చెప్పాలి. తమిళనాట ఆ రోజు బండ్లకు జరిగే మర్యాద చూడముచ్చటగా ఉంటుంది. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దం మీద చందనం, దాని మీద కుంకుమ. భక్తి పొంగి కీ రంధ్రం చుట్టూ కూడా చందనం పూసేవాళ్లను చూశాను. చందనం ఆరితే మట్టి. తర్వాతి రోజు కీ దాన్ని రేకుల మధ్యకు మోసుకుపోతుంది. బొట్టు రంధ్రానికి జానెడు పక్కన పెడితే దేవుడు కోపగించుకోడని అనుకుంటాను.

వరద వీటన్నిటికీ పెద్దన్న. 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో అడయారు పొంగినప్పుడు ముడిచ్చూరు, కోట్టూరుపురం, వేళచ్చేరి ప్రాంతాల్లో కార్లు పైకప్పు దాకా మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మళ్లీ అదే చూపించింది. నీళ్లు తీశాక కీ పెట్టి చూద్దామన్న ఆత్రం సహజం, అదే ప్రమాదం. స్విచ్‌కి బ్యాటరీ నుంచి వచ్చే ప్రధాన తీగలో, కీ తీసేసి ఉన్నా, కరెంటు ఎప్పుడూ ఉంటుంది. మురికినీళ్లలో ఆ కొసకూ పక్క కొసకూ మధ్య విద్యుద్విశ్లేషణ మొదలై, ధన ధ్రువంగా ఉన్న రాగి కరిగిపోతుంది. ఆకుపచ్చ మడ్డి అదే. అందుకే మునిగిన బండిలో మొదట చేయాల్సింది బ్యాటరీ తీగ విప్పడం. తాళాన్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం, స్విచ్ విప్పి చూడటం ఆ తర్వాతి పనులు. వరద తగ్గిన వారానికి బాగానే నడిచి, నెల తర్వాత ఆగిపోయే బండ్ల రహస్యం తరచూ ఈ ఆకుపచ్చ మడ్డిలోనే ఉంటుంది.

తిరిగింది, మరి సెల్ఫ్?

కీ హాయిగా తిరిగిందంటే తాళం, గడియ రెండూ నిర్దోషులు. ఇక స్విచ్ వంతు. ఇందులో బ్యాటరీ నుంచి వచ్చే తీగ ఒకటి, బయటికి పోయేవి ముఖ్యంగా మూడు. రేడియో వగైరాలకు ఒకటి, ఇగ్నిషన్ కాయిల్‌కూ డాష్‌బోర్డు లైట్లకూ ఒకటి, సెల్ఫ్‌కు ఒకటి. జర్మన్ ప్రమాణాన్ని అనుసరించిన బండ్లలో బ్యాటరీ తీగ నంబరు 30, ఇగ్నిషన్‌ది 15, సెల్ఫ్‌ది 50. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఈ మూడు నంబర్లు తెలిస్తే సగం సంభాషణ తగ్గుతుంది.

సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైనే తాగుతుంది. అంత కరెంటు కీ స్విచ్ గుండా పోదు. స్విచ్ చేసేది సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంతాన్ని లేపడం మాత్రమే, అసలు కరెంటును అది కలుపుతుంది. పాడిలోని లూకాస్ టీవీఎస్ తయారుచేసే స్టార్టర్లలో సోలినాయిడ్ మోటారు భుజం మీద కూర్చుని ఉండటం చాలామంది చూసే ఉంటారు. కానీ ఆ సోలినాయిడ్ లేచే క్షణంలో అదే పది, పదిహేను ఆంపియర్లు లాగుతుంది. మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, లేని పాత బండ్లలో ఈ భారమంతా స్విచ్‌లోని చిన్న రాగి బిళ్లలదే. ప్రతి స్టార్టుకూ ఓ చిన్న నిప్పురవ్వ, ప్రతి నిప్పురవ్వకూ కొంత మసి.

మసి పట్టిన కాంటాక్టు నిరోధం 0.2 ఓమ్‌కు పెరిగిందనుకుందాం. 15 ఆంపియర్లు పోతే అక్కడే 3 వోల్టులు మాయం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి సోలినాయిడ్‌కు చేరేది 9. అంతేకాదు, ఆ కాంటాక్టు దగ్గర 45 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరువాళ్ల సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. స్విచ్ వెనక ప్లాస్టిక్ కరిగి ముడుచుకుపోయి కనిపించడంలో వింతేమీ లేదు.

ఇక్కడ చెవులు పనికొస్తాయి. కీ చివరిదాకా తిప్పి పట్టుకుంటే వరసగా టకటకమని చప్పుడొస్తోందా? సోలినాయిడ్ లేస్తోంది, బ్యాటరీ చాలక పడిపోతోంది, మళ్లీ లేస్తోంది. స్విచ్‌ను వదిలేసి బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ తీగ చూడండి. ఒక్కసారి గట్టిగా 'టక్' మని ఆగిందా? సోలినాయిడ్ దాకా కరెంటు వచ్చింది, మోటారో సోలినాయిడ్ లోపలి కాంటాక్టో దోషి. ఏ చప్పుడూ లేదా? అప్పుడు హెడ్‌లైట్లు వేసి మళ్లీ కీ తిప్పండి. లైట్లు వాడిపోతే బ్యాటరీ. చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంటే సెల్ఫ్ దాకా కబురే పోవడం లేదు. స్విచ్, రిలే, మధ్య తీగ, ఈ మూడింట్లో ఒకటి.

ఖాయం చేసుకోవడానికి మల్టీమీటరు కావాలి. లేకపోతే రెండు తీగలు అతికించిన చిన్న బల్బు, టెస్ట్ ల్యాంప్, చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంకొకరిని కీ తిప్పమనండి. సోలినాయిడ్ చిన్న తీగ దగ్గర బల్బు వెలిగితే స్విచ్ బాగుంది. నిండు బ్యాటరీ వోల్టేజీ 12.6 ఉంటుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు అది పదికి దగ్గర్లో పడటం మామూలే. చూడాల్సింది స్విచ్ లోపలికి వచ్చిన వోల్టేజీకీ బయటికి పోయిన వోల్టేజీకీ మధ్య తేడా. అర వోల్టు దాటిందంటే స్విచ్ ముసలిదైపోయింది.

ఇంకో లక్షణం చాలామందిని తికమక పెడుతుంది. కీ తిప్పి పట్టుకున్నంతసేపు ఇంజన్ అందుకుంటుంది, వేలు వదలగానే ఆగిపోతుంది. పెట్రోలు బాధనుకుని కార్బురేటర్ విప్పుతారు. పాత బండ్లలో సెల్ఫ్ తిరిగేటప్పుడు కాయిల్‌కు కరెంటు ఒక దారిలో, కీ వెనక్కు వచ్చాక మరో దారిలో వస్తుంది. ఆ రెండో దారిలో స్విచ్‌లోని 15 నంబరు కాంటాక్టు ఉంటుంది, కొన్ని బండ్లలో కాయిల్‌కు పోయే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ కూడా. రెంట్లో ఒకటి తెగింది, అంతే. దీనికి సరిగ్గా తిరగేసిన లక్షణం కూడా ఉంది. కీ తిప్పితే సెల్ఫ్ తిరగదు, నలుగురు కలిసి నెట్టి సెకండ్ గేరులో వదిలితే ఇంజన్ అందుకుని నడుస్తూనే ఉంటుంది. 15 బాగుంది, పోయింది 50.

అన్నిటికన్నా ఖరీదైన లోపం కీ వెనక్కు రాకపోవడం. సెల్ఫ్ దగ్గర వదిలిన కీని స్ప్రింగు 'ఆన్' కు లాగాలి. గ్రీజు గట్టిపడితే లాగదు. ఇంజన్ నడుస్తుంటే సెల్ఫ్ కూడా గీ పెడుతూ తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి కాలిపోతుంది. ఆ కీచుచప్పుడు వినగానే కీని చేత్తో వెనక్కు తిప్పండి. అప్పటికీ ఆగకపోతే బ్యాటరీ తీగ లాగేయాల్సిందే. సెల్ఫ్ మార్చి, దాన్ని కాల్చిన స్విచ్‌ను అలాగే ఉంచితే కొత్త సెల్ఫ్‌కూ అదే గతి.

కీ గుత్తి బరువుగా ఉండకూడదన్న మాట వట్టి చాదస్తమనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ. అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ 2014లో కోబాల్ట్ వంటి చిన్న కార్లను 26 లక్షల దాకా వెనక్కు పిలిచింది. వాటి స్విచ్‌లో కీని 'ఆన్' లో నిలబెట్టే స్ప్రింగు పట్టు చాలదు. గుత్తి బరువుకో రోడ్డు కుదుపుకో కీ జారి ఇంజన్ ఆగిపోయేది, దాంతో పాటు ఎయిర్‌బ్యాగులూ మూగబోయేవి. కంపెనీ పెట్టిన పరిహార నిధి లెక్కలో 124 మరణాలు. 2015లో ప్రభుత్వంతో 90 కోట్ల డాలర్లకు రాజీ. మూల కారణం చిన్న స్ప్రింగు. మన పాత బండ్లలో ఎయిర్‌బ్యాగులు లేకపోయినా, అరిగిన స్విచ్‌కు ఇంటి తాళాలూ ఆఫీసు తాళాలూ తగిలించి గిండీ వంతెన మీద గతుకుల్లో తోలడం మాత్రం వద్దు. కారు కీ ఒంటరిగా ఉండాలి.

2000 తర్వాతి బండ్లలో కొన్నింటికి నాలుగో పాత్ర వచ్చి చేరింది, ఇమ్మొబిలైజర్. కీ తలలో బ్యాటరీ లేని చిన్న చిప్, తాళం చుట్టూ తీగచుట్ట. చుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే చిప్ శక్తి తీసుకుని తన నంబరు చెబుతుంది. నంబరు కలవకపోతే సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోదు, లేదా అందుకుని రెండు క్షణాల్లో ఆగుతుంది, డాష్‌బోర్డు మీద కీ బొమ్మ మిణుకుతుంది. అలాంటప్పుడు రేకుల్నీ కాంటాక్టుల్నీ తిట్టడం అన్యాయం. ఒకే గుత్తిలో రెండు చిప్ కీలుంటే ఒకదాని మాటకు ఇంకోటి అడ్డొస్తుంది, విడదీసి చూడండి.

పుదుపేటకు పోయే ముందు

స్విచ్ పోయిందని తేలితే చాలా మోడళ్లలో స్విచ్ ఒక్కటే మార్చుకోవచ్చు. తాళం వెనక రెండు స్క్రూలో, క్లిప్పో తీస్తే అది ఊడివస్తుంది. కీ మారదు, ఖర్చూ తక్కువ. తాళం అరిగితే కొన్ని బండ్లలో బేరల్ ఒక్కటే మార్చుకోవచ్చు. కీని మొదటి మెట్టుకు తిప్పి, పక్కనున్న చిన్న రంధ్రంలో సన్నటి కడ్డీతో పిన్ను నొక్కితే బేరల్ జారివస్తుంది. ఇంటికి వచ్చిన మెకానిక్ 'పూర్తి సెట్ వేయాల్సిందే సార్' అంటే, ఎందుకు, ఏ భాగం పోయింది అని ఒక్క ప్రశ్న వేయండి. సమాధానం చెప్పలేక నీళ్లు నమిలితే మరో మెకానిక్‌ను చూడండి. స్టీరింగు కడ్డీకి గడియను బిగించిన బోల్టులు మాత్రం వేరు. బిగించేటప్పుడే వాటి తలలు విరిగిపోయేలా చేస్తారు, దొంగ సులువుగా విప్పకుండా. వాటిని తీయడానికి ఉలి, సుత్తితో బాదే అలవాటు ఉంది. డ్రిల్లు వేసి తీయమనండి. కడ్డీ వంగితే స్టీరింగే బిగుస్తుంది. ఏ పనికైనా ముందు బ్యాటరీ తీగ విప్పించడం మరవకండి.

అన్నీ బిగించాక ఓ రిలే కూడా పెట్టించుకుంటే స్విచ్ ఆయుష్షు పెరుగుతుంది. మామూలు రిలే చుట్ట 85, 86 కొసల మధ్య ఆంపియర్‌లో ఆరో వంతు కూడా తాగదు. సోలినాయిడ్‌కు పోయే పదిహేను ఆంపియర్లను 30, 87 కొసలు మోస్తాయి. హెడ్‌లైట్లకు కూడా అలాంటిదే ఒకటి పెట్టించుకోవచ్చు.

కొత్తవి దొరకని బండ్లకు పుదుపేట ఉండనే ఉంది. ఎగ్మూరు పక్కన, కూవం ఒడ్డున, విప్పిన బండ్ల భాగాలు వీధుల నిండా వేలాడుతుంటాయి. అక్కడ లాక్ సెట్ కొనేటప్పుడు కీతో సహా కొనాలి, కీ పెట్టి ప్రతి మెట్టు దగ్గరా ఆగుతుందో లేదో, చివరి మెట్టు నుంచి తనంతట తాను వెనక్కు వస్తుందో లేదో చేత్తోనే చూడొచ్చు. మల్టీమీటరు తీసుకెళ్తే 30, 15 కొసల మధ్య నిరోధం దాదాపు సున్నా చూపిస్తుందా లేదా అక్కడికక్కడే తేలుతుంది. గూటి మీద తెల్లపొడి ఎక్కువగా ఉంటే వద్దు. మీ బండి పేపర్లు, ఆర్‌సీ జేబులో పెట్టుకోండి. కీలు, తాళాలు అమ్మేవాళ్లు అడగకపోయినా దారిలో పోలీసులు అడగొచ్చు. పాత బేరల్‌ను పారేయకండి. దాంట్లోని రేకుల్ని వరస తప్పకుండా కొత్త బేరల్‌లోకి మార్చి, తలుపుకూ ఇగ్నిషన్‌కూ మళ్లీ ఒకే కీ పనిచేసేలా చేసే తాళాలవాళ్లున్నారు. రేకులు మరీ అరిగి ఉంటే, అదే ఎత్తున్న రేకుల్ని పుదుపేటలోనే మరో పాత తాళం నుంచి ఏరుకుంటారు.